కాళ్లు మాట వినని కాలం

ఈ మాటలు నిలబడి రాస్తున్నాను. వంటింటి గట్టు మీద కాగితాలు పెట్టుకున్నాను. పక్కన అమ్మ ఉల్లిపాయలు తరుగుతోంది. "కూర్చోని రాసుకోవచ్చు గదా" అని ఇప్పటికే ఒకసారి అన్నది. కూర్చోవడం, పడుకోవడం పోయిన ఏడాది నాకు కడుపు నిండా అయిపోయాయి. ఊరికే నిలబడటంలో ఇంత రుచి ఉంటుందని జబ్బు చేయకముందు నాకు తెలియదు.

నా పేరు వనజ. మాది అనంతసాగరం మండలంలో ఒక పల్లె. నాయన షేర్ ఆటో నడుపుతాడు, కొంచెం సేద్యం కూడా ఉంది. నేను ఆత్మకూరులో డిగ్రీ చదువుతూ కాలేజీ క్రాస్ కంట్రీ జట్టులో పరిగెత్తేదాన్ని. ట్రాక్ మీద కాకుండా పొలాల పక్కన, చెరువు కట్టల మీద, మట్టి దారుల్లో పెట్టే దూరపు పరుగు పందెం అది. జట్టుకు ఆరుగురు పరిగెడతారు. అందులో ముందొచ్చిన నలుగురి స్థానాలు కలుపుతారు. ఏ జట్టు మొత్తం తక్కువైతే ఆ జట్టు గెలిచినట్టు. అందరికంటే ముందొచ్చిన అమ్మాయి ఫొటో పేపర్లో పడుతుంది గానీ, జట్టు గెలుపు చాలాసార్లు నాలుగో అమ్మాయి మీద ఆధారపడి ఉంటుంది. మా జట్టులో ఆ నాలుగో అమ్మాయిని నేను.

నాకు వచ్చిన జబ్బు పేరు గులియన్ బారీ సిండ్రోమ్. ఆసుపత్రిలో అందరూ జీబీఎస్ అనేవాళ్లు. మంచం మీద ఉన్నప్పుడు, దీన్ని దాటి వచ్చినవాళ్లు ఎవరైనా తెలుగులో నాలుగు మాటలు రాసి ఉంటారేమోనని అమ్మ చేత ఫోన్లో వెతికించాను. మందుల పేర్లు దొరికాయి గానీ మనుషులు దొరకలేదు. అందుకని నా వంతు నేను రాస్తున్నాను.

ఆగస్టు

ఉదయగిరిలో కాలేజీల మధ్య రోడ్డు రిలే పెట్టారు. నలుగురు అమ్మాయిలు ఒకరి తర్వాత ఒకరు పరిగెత్తి, చేతిలోని బ్యాటన్‌ను తర్వాతి అమ్మాయికి అందించాలి. నాది మూడో వంతు. నాకు అందించేది లత, ఆ ఏడాదే జట్టులో చేరిన పిల్ల. నా దగ్గర అందుకునేది నస్రీన్. నస్రీన్‌ది ఉదయగిరే. వాళ్ల అమ్మ కొండ నుంచి తెచ్చిన చెక్కతో గరిటెలు, స్పూన్లు చెక్కుతుంది. ఆ పొద్దున ఆమె పని పక్కన పెట్టి, కూతురి పరుగు చూడటానికి వీధి చివర నిలబడింది.

లత వచ్చి నా చేతిలో బ్యాటన్ పెట్టింది. పెట్టిందని నాకు తెలియలేదు. "పో అక్కా, పో" అని అరిచేసరికి చేతివైపు చూసుకున్నాను. బ్యాటన్ ఉంది. నా వేళ్లు దాన్ని పట్టుకునే ఉన్నాయి. కానీ ఆ సంగతి వేళ్లు నాకు చెప్పలేదు.

పరిగెత్తాను. అరికాళ్ల కింద తారు రోడ్డు ఉందని కంటికి తెలుస్తోంది, కాలికి మాత్రం దూది పరిచినట్టుంది. మోకాళ్లు ఒక్క క్షణం ఆలోచించుకుని వంగుతున్నాయి. ఇద్దరు అమ్మాయిలు నన్ను దాటిపోయారు. నస్రీన్ దగ్గరికి చేరి బ్యాటన్ చాచాను. ఆమె లాగింది, రాలేదు. మళ్లీ లాగింది. "వదలవే" అంది. వదిలేశాననే అనుకుంటున్నాను నేను.

పందెం అయ్యాక నస్రీన్ నవ్వుతూ వచ్చింది. "ఏందే, అంత గట్టిగా పట్టుకోనుండావు? నాకు ఇయ్యడం ఇష్టం లేదా?"

"నేను వదిలినాను గదా."

"యాడ వదిలినావు? పీకాల్సి వచ్చింది."

ఇద్దరం నా చేతిని తిప్పి తిప్పి చూశాం. చూడటానికి ఎప్పటి చెయ్యే.

అంతకు కొన్నాళ్ల ముందు నాకు కడుపు పాడై విరేచనాలు పట్టుకున్నాయి. తగ్గిపోయాయి కూడా. ఆ నీరసమే ఇది అనుకున్నాను. కానీ మరుసటి రోజు కాలేజీ గేటు దగ్గర ఒక చెప్పు ఊడిపోతే, క్లాసు దాకా ఒంటి చెప్పుతోనే నడిచాను. ఎవరో అమ్మాయి చెబితే గానీ తెలియలేదు. భయం వేయలేదు. వింతగా అనిపించింది. బెంచీ కింద కాలు పెట్టి నేలకు రుద్ది చూశాను. నేల ఎక్కడో దూరంగా, గోడ అవతల ఉన్నట్టుంది. ఆత్మకూరులో ఒక క్లినిక్కులో చూపిస్తే బలానికి సూది వేసి పంపారు.

తర్వాత మెట్లు ఎక్కడం కష్టమైంది. కింద కూర్చుంటే లేవలేకపోయాను. మా పీడీ సార్, అంటే కాలేజీలో ఆటలు నేర్పే సారు, గ్రౌండులో నన్ను చూసి పిలిచారు.

"వనజా, మునివేళ్ల మీద లే."

లేచాను. లేచాననుకున్నాను. సార్ ముఖం చూశాక కిందికి చూసుకుంటే మడమలు నేలకు అంటుకునే ఉన్నాయి. మళ్లీ ప్రయత్నించాను. నా ఆజ్ఞ ఎక్కడో దారిలో తప్పిపోయింది.

సార్ వెంటనే నాయనకు ఫోన్ చేశారు. "ఇది అలుపు కాదన్నా. రేపు మాపు అనబాక. ఈ పూటే నెల్లూరు తీసుకపోదాం."

రెండు పాదాలూ ఒకేసారి మొద్దుబారి, ఆ మొద్దుతనం రోజురోజుకీ పైకి పాకుతుంటే, మీరూ ఆ పూటే వెళ్లండి. నేను చెప్పగలిగిన హెచ్చరిక ఇదొక్కటే.

సెప్టెంబరు

నెల్లూరు ఆసుపత్రిలో నరాల డాక్టరమ్మ చిన్న రబ్బరు సుత్తితో నా మోకాలి కింద కొట్టింది. కాలు ఎగరాలి. ఎగరలేదు. ఇంకో మోకాలు. అదీ అంతే. ఎవరింటి తలుపో తట్టి, లోపలి నుంచి జవాబు వస్తుందేమోనని ఆగినట్టు ఇద్దరం కాసేపు ఆ మోకాలి వైపు చూశాం.

"ఇంకొకసారి కొట్టండి మేడమ్" అన్నాను. ఆవిడ కొంచెం నవ్వి, ఇంకోసారి కొట్టింది.

ఆవిడ మాకు విడమరిచి చెప్పింది. కరెంటు తీగకు తొడుగు ఉన్నట్టు నరాలకూ ఒక తొడుగు ఉంటుందట. కడుపులో దూరిన పురుగును చంపడానికి ఒంట్లో తయారైన సైన్యం, పొరపాటున ఆ తొడుగును శత్రువనుకుని కొరికేస్తోందట. కింది నుంచి పైకి పోతుంది, ఎక్కడో ఒకచోట ఆగుతుంది, తర్వాత నెమ్మదిగా వెనక్కి మళ్లుతుంది.

"యాడ ఆగుతాది మేడమ్?" అని నాయన అడిగాడు.

"అది ముందుగా ఎవరూ చెప్పలేరు. ఊపిరితిత్తులకు పని చెప్పే కండరాల దాకా పోతే మెషీన్ పెట్టాల్సి వస్తుంది. అందుకే ఇక్కడ ఉంచి కనిపెట్టుకుని ఉంటాం."

బయట కుర్చీల దగ్గరికి పోయాక నాయన, మాతో వచ్చిన పీడీ సార్ మీద విరుచుకుపడ్డాడట. ఇది అమ్మ తర్వాత చెప్పింది. "గుట్టలెంబడి పరిగెత్తించి పరిగెత్తించి నా బిడ్డ నరాలు తెంపినావు గదయ్యా. ఆడపిల్ల ఎంత దూరం పరిగెత్తాలో దానికొక లెక్క ఉండబళ్లా?" అన్నాడట, అంతమంది ముందు. సార్ వెళ్లిపోలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డారు.

గాజు సీసాల్లో మందు వచ్చింది. కొన్ని రోజుల పాటు అది చుక్కచుక్కగా నాలోకి దిగింది. ఈలోగా చేతులు పోయాయి. పోవడమంటే నొప్పిగా కాదు. పొద్దున గ్లాసు పట్టుకున్న చెయ్యి సాయంత్రానికి మూత కూడా ఎత్తలేకపోయింది, అంతే. వీపులో మాత్రం లోపలి నుంచి ఎవరో మెలిపెడుతున్నట్టు నొప్పి ఉండేది. కుడివైపు ముఖం జారింది. కన్ను పూర్తిగా మూతపడేది కాదు. నర్సమ్మ దానికి తడి దూది పెట్టి కట్టేది.

ఊపిరి ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి ఒక పరీక్ష పెట్టేవాళ్లు. గట్టిగా గాలి పీల్చుకుని, ఆ ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు చెప్పగలనో చూడటం. అంకెలు నాకు విసుగేశాయి. "వేరే ఏమన్నా చెప్పొచ్చా సిస్టర్?" అని అడిగాను. "రోజూ అదే చెప్పేటట్టయితే చెప్పు" అంది నర్సమ్మ. మా ఊరి నుంచి నెల్లూరు దాకా పల్లె బస్సు ఆగే ఊళ్లన్నీ నాకు వరసగా వచ్చు. చిన్నప్పటి నుంచి నాయన పక్కన కూర్చుని వింటున్నవే. వాటిని అప్పజెప్పాను. మొదటి రోజు ఆత్మకూరు, సంగం, బుచ్చి అన్నీ దాటుకుని నెల్లూరు చేరి, వెనక్కి కూడా కొంత దూరం వచ్చాను. నర్సమ్మ నవ్వింది.

మరుసటి రోజు బస్సు నెల్లూరులోనే ఆగింది. ఆ తర్వాతి రోజు బుచ్చిలో. అమ్మ మొదట ఇదేదో ఆట అనుకుంది. దాని అర్థం తెలిశాక తలుపు పక్కన నిలబడి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వినేది. సంగం దాకా కూడా పోలేని రోజున నన్ను ఐసీయూకి మార్చారు.

అప్పుడు మాత్రం భయపడ్డాను. భయంతో పాటు ఇంకొకటి కూడా ఉండేది, దాన్ని దాచడమెందుకు. రేపు ఎక్కడ ఆగుతుందో చూడాలని ఉండేది. పందెంలో చివరి మలుపు దగ్గర, ఇంకా ఎంత మిగిలిందా అని మనల్ని మనం తడిమి చూసుకుంటాం. అలాంటిదే అది. నా ఒంట్లో ఏం జరుగుతోందో తెలుసుకోవాలన్న ఆ కుతూహలమే నన్ను ఏడవకుండా కాపాడింది.

ఐసీయూలో నా పక్క మంచం మీద కలువాయి ప్రాంతం మనిషి ఒకాయన ఉండేవాడు, మెదడువాపు జ్వరం. ఆయన భార్యను లోపలికి రానిచ్చేది కాసేపే. ఆ కాసేపట్లోనే ఆమె నా మంచం దగ్గరికి కూడా వచ్చేది. రోజుల తరబడి పడుకుని నా జుట్టు అట్టలు కట్టింది. ఆమె తన దువ్వెన తెచ్చి, చిక్కులు ఒక్కొక్కటీ తీసి, పక్కకు జడ వేసింది. "ఇట్టేస్తే తల కింద ఒత్తుకోదు" అంది.

ఐసీయూలో మొదటి పొద్దున బస్సు ఆత్మకూరులో ఆగింది. మరుసటి పొద్దునా ఆత్మకూరే. డాక్టరమ్మ ఇంకోసారి చెప్పించింది. మళ్లీ ఆత్మకూరే. ఆవిడ నర్సమ్మ వైపు చూసి తలూపింది. ఆ తర్వాత ఒకరోజు సంగం దాటాను.

అమ్మ అద్దం అవతలి నుంచి వేళ్లతో సైగ చేసింది, ఎక్కడ దాకా అని. చెయ్యెత్తలేను గనక పెదాలు కదిపాను. అమ్మకు అర్థమైంది. వెనక్కి తిరిగి కుర్చీల వైపు పరిగెత్తింది. అమ్మ పరిగెత్తడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ వారమే కలువాయి ఆయన పోయాడు. ఆమె సంచీ సర్దుకుని, వెళ్లే ముందు మా అమ్మ దగ్గరికి వచ్చి, "మీ పాప లేస్తాది, నువ్వు తిండి మానబాక" అని చెప్పి వెళ్లింది. ఆమె పేరు అడగలేదు మేం. ఈ రాతలో నేను వెతుకుతున్న మనుషుల్లో ఆమె ఒకరు.

వార్డుకు మార్చిన రోజు నాయన డాక్టరమ్మను నేరుగా అడిగాడు. "మేడమ్, పరిగెత్తినందుకే గదా ఇదంతా?" పీడీ సార్ అక్కడే ఉన్నారు. "కాదు" అందావిడ. "ఎవరికైనా వస్తుంది. ఎవరూ చేసింది కాదు. పైగా ఊపిరి బలం ఉన్న పిల్ల కాబట్టి తట్టుకుంది." నాయన తల వంచుకుని విన్నాడు. సార్‌కు క్షమాపణ ఏమీ చెప్పలేదు. కానీ మరుసటి రోజు, జనంతో నిండిన ఆ వరండాలో, తన పక్క కుర్చీ మీద తువాలు పరిచి ఉంచాడట. ఎవరన్నా కూర్చోబోతే, "మా సారొస్తాడు" అన్నాడట.

అక్టోబరు

మా క్రాస్ కంట్రీ ఛాంపియన్‌షిప్ నేను వార్డులో ఉండగానే జరిగింది. నస్రీన్ పందెం నుంచి నేరుగా వచ్చింది, బూట్ల మీద బురద ఎండి ఉంది. నా ముఖంలోకి వంగి చూసింది. తర్వాత, "నీ నవ్వు సగమే వస్తుండాది" అంది.

"మిగతా సగం తర్వాత ఇస్తాను. ముందు రేస్ చెప్పు."

అంతా చెప్పించుకున్నాను. దారి ఎలా ఉంది, చెరువు కట్ట మీద గాలి ఎటు వీచింది, ఎవరు ముందు దూకారు, ఎక్కడ జారారు. కళ్లు మూసుకుని, అంటే మూతపడే కన్ను మూసుకుని, ఆమె వెంట పరిగెత్తాను. ఐదుగురే దిగారు. నస్రీన్ బాగా పరిగెత్తింది. నా స్థానంలో నాలుగో మనిషి లత అయింది. చివరి మలుపు దాకా బానే ఉంది. అక్కడ కాళ్లు బరువెక్కి, వరసగా చాలామంది దాటిపోయారు. కొద్దిలో జట్టుకు మూడో స్థానం పోయింది.

"నువ్వుంటే వచ్చేది" అంది నస్రీన్. అనేసి నాలుక కరుచుకుంది.

నాకు ఆ మాట తియ్యగానే ఉంది. లేని మనిషికి కూడా ఒక విలువ ఉందన్నమాట. తర్వాత అడిగాను, "లత ఎట్టుండాది?"

"బస్సులో ఏడస్తానే ఉన్నింది. ఎవురితోనూ మాట్లాళ్లా."

వాయిస్ మెసేజ్ కోసం నస్రీన్ ఫోన్ నా నోటి దగ్గర పెట్టింది. నా గొంతు అప్పటికి ముక్కులోంచి వచ్చేది. "లతా, నాలుగో మనిషిని ఎవురూ చూడరు, అందరూ లెక్క మాత్రం ఆమె మీదే కడతారు. అది నీకు ఇంకా అలవాటు కాలా. నేనూ మొదటి ఏడాది అట్నే కరిగిపోయినాను. ఏడిస్తే ఏడువు, ప్రాక్టీసు మాత్రం మానబాక" అని చెప్పాను. అంత పొడుగు మాట చెప్పి ఆయాసపడ్డాను. లత నుంచి జవాబుగా చెరువు కట్ట ఫొటో ఒకటి వచ్చింది, పొద్దున్నే తీసింది. ఆమె నీడ కూడా అందులో పడింది.

చలికాలం

ఇంటికొచ్చాం. జబ్బు ఎక్కిన దారినే దిగింది. చివర పోయినవి ముందు వచ్చాయి. మొదట ముఖం, తర్వాత భుజాలు, చేతులు. వేళ్లకు బలం ఇంకా రాలేదు. సన్నటి స్టీలు స్పూను పట్టుకుంటే జారిపోయేది. ఈ సంగతి నస్రీన్ ఇంట్లో చెప్పినట్టుంది. వాళ్లమ్మ చెక్కతో ఒక స్పూను పంపింది, పిడి లావుగా పెట్టి. అది మరీ లావైంది, పప్పుగుత్తిలా ఉంది. నవ్వుకుని వెనక్కి పంపితే, ఈసారి నస్రీన్ చేత వీడియో కాల్ చేయించింది. "బేటీ, చెయ్యి మూసి చూపించు" అంది. నేను మూయగలిగినంత మూశాను. ఆ సందు చూసి, పిడిని దానికి సరిపడా చెక్కి పంపింది. దాంతో ఉప్మా తిన్నాను. సగం కింద పోసుకున్నాను గానీ, నా చేత్తో నేనే తిన్నాను.

పరామర్శకు ఊరు ఊరంతా వచ్చింది. చేజర్ల నుంచి మా మామ ఒకాయన గంపలో రెండు పావురాలు తెచ్చాడు. "పావురం నెత్తురు పూస్తే పక్షవాతం పోతాది" అన్నాడు.

"ఇది పక్షవాతం కాదు బావా" అన్నాడు నాయన. "నరాల పైన తొడుగుంటాది. దాన్ని ఒంట్లో సైన్యం కొరికింది." మొత్తం పాఠం అప్పజెప్పాడు. మామ సగం నమ్మాడు. పావురాలను కొయ్యనివ్వలేదు నేను. గంప తీస్తే ఎగిరి పోతాయనుకున్నాం. అవి మా ఇంటి పైకప్పు ఎక్కి అక్కడే ఉండిపోయాయి.

నవ్వుకున్నవి రాశాను గనక నవ్వుకోనిది కూడా రాయాలి. నన్ను లేపడం, స్నానం చేయించడం, బాత్‌రూముకు తీసుకుపోవడం అన్నీ అమ్మే. ఒక మధ్యాహ్నం మంచం మీంచి కుర్చీలోకి మారుస్తుండగా ఇద్దరం కింద పడ్డాం. దెబ్బలేమీ తగల్లేదు. నేను "సరిగ్గా పట్టుకోలేవా" అన్నాను. అమ్మ లేవలేదు. నేల మీదే కూర్చుని, "నన్ను గూడా ఎవురన్నా లేపాల గదా" అంది. కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. ఇద్దరం గోడకు ఆనుకుని, నాయన వచ్చేదాకా అక్కడే కూర్చున్నాం. ఆ సాయంత్రం నుంచి వంట నాయనది. నాయన చారు ఎప్పుడూ పులుపే. ఎవరమూ వంక పెట్టలేదు.

జబ్బుమనిషిని చూసుకునేవాళ్లను కూడా కాస్త లేపండి. నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

నాయన పెరట్లో సర్వి కర్రలతో రెండు వైపులా పట్టుకుని నడవడానికి దడి కట్టాడు. ఆత్మకూరు నుంచి ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి నేర్పేది. తొడలు వచ్చాయి, మోకాళ్లు వచ్చాయి. నరం తిరిగి వస్తున్నప్పుడు ఎలా ఉంటుందో చెప్పనా. ముందు చీమలు పాకుతాయి. తర్వాత మంట. తర్వాత ఒకరోజు, దుప్పటి దుప్పటిలా తెలుస్తుంది. నేను రోజూ పొద్దున కళ్లు మూసుకుని, అమ్మను నా కాలివేళ్లలో ఏదో ఒకటి పట్టుకోమనేదాన్ని. ఏ వేలో చెప్పాలి. చాలా రోజులు తప్పే చెప్పాను. బొటనవేలు పట్టుకుంటే చిటికెన వేలు అనేదాన్ని. నిజంగా నాకు అలాగే తెలిసేది. మన కాలివేలు ఎక్కడుందో మనకు ఎలా తెలుస్తుంది? పుట్టినప్పటి నుంచి పరిగెత్తుతున్నాను, ఈ ప్రశ్న ఎప్పుడూ తట్టలేదు.

ఎండాకాలం

కర్రలు వదిలి నడిచాను. ఎడమ పాదం మునివేళ్లు పూర్తిగా లేవవు. అందుకని చెప్పులో ప్లాస్టిక్ పట్టీ పెట్టుకుని, అడుగును కొంచెం ఎత్తి వెయ్యాలి. నెల్లూరు వెళ్లినప్పుడు డాక్టరమ్మ మళ్లీ సుత్తి తీసింది. మోకాలు పలకలేదు.

"నడస్తా ఉండాను గదా మేడమ్. ఇది మాత్రం ఎందుకు మేలుకోలా?"

"కొందరికి అది రాదమ్మా. అది లేకపోయినా నడవొచ్చు, కావాలంటే నెమ్మదిగా పరిగెత్తొచ్చు."

"పందేనికి?"

"నాకు తెలియదు" అంది ఆవిడ. ఆ జవాబు నాకు నచ్చింది. ఆమెకు తెలియదు, నాకూ తెలియదు. అయితే చూడాల్సిందే.

మళ్లీ అక్టోబరు

ఈ ఏడాది ఛాంపియన్‌షిప్‌కు జట్టుతో పాటు నేనూ వెళ్లాను, చూడటానికి. గరుకు నేల మీద నాకు ఇంకా చెయ్యి ఆసరా కావాలి గనక నాయన వెంట వచ్చాడు. ఇన్నేళ్లలో నాయన ఒక్క పందెం కూడా చూడలేదు. తాడు కట్టిన దారి పక్కన నిలబడి, మొదటి అమ్మాయి దూసుకుపోయాక నా వైపు తిరిగాడు.

"బహుమతి ఆ పిల్లకేగా. మరి ఎనకుండే వీళ్లంతా ఎందుకు పాపా ఇంత తిప్పలు పడతా ఉండారు?"

స్థానాలు ఎలా కలుపుతారో చెప్పాను. నాయన వేళ్లు ముడిచి లెక్క కట్టాడు. "అంటే, ఈ ఎనకోళ్లలోనే యవారమంతా ఉండాది" అన్నాడు. ఆ తర్వాత ముందువాళ్లను చూడటం మానేశాడు. లత ఎక్కడుందో వెతికి, తాడు వెంబడి ఆమెతో పాటే నడక సాగించాడు. నన్ను పీడీ సార్‌కు అప్పగించి మరీ పోయాడు. చివరి మలుపు దగ్గర లత అడుగు బరువవడం నాకు దూరం నుంచే కనిపించింది. నాయన గొంతు వినిపించింది, ఆత్మకూరు సెంటర్‌లో సవారీల కోసం అరిచే గొంతు. "లతమ్మా, దగ్గరే పడ్డాది, ఆ పచ్చ బనీను పిల్లను చూడు, పోనీబాక."

లత ఆ పచ్చ బనీనును దాటింది. ఇంకొకరినీ దాటింది. జట్టుకు మూడో స్థానం వచ్చింది. నస్రీన్ మెడలో పతకంతో వచ్చి నన్ను వాటేసుకుంది. లత దూరంగా గడ్డి మీద పడుకుని ఉంది. నాయన ఆమె దగ్గర నీళ్ల బాటిల్ పట్టుకుని నిలబడ్డాడు. సంతోషపడ్డాను. కొంచెం కుళ్లు కూడా ఉంది. రెండూ ఉన్నాయి. నా చోటు ఇప్పుడు లతది. అది నేను ఇచ్చిందీ కాదు, ఆమె లాక్కున్నదీ కాదు.

ఇప్పుడు నేను సోమశిల కాలవ గట్టు మీద, చదునుగా ఉన్న చోట, పొద్దున్నే పరిగెడుతున్నాను. పరుగు అంటే మీరు నవ్వుతారు, పాలు పోయించుకుని వచ్చే ముసలమ్మ కూడా నన్ను దాటేస్తుంది. నేను పడిపోతానేమోనని నాయన వెనక మోటార్‌సైకిల్ మీద మెల్లగా వచ్చేవాడు.

పోటీల నుంచి వచ్చిన కొన్ని రోజులకు, ఒక పొద్దున వెనక బండి శబ్దం ఆగిపోయింది. తిరిగి చూస్తే నాయన స్టాండు వేస్తున్నాడు.

"ఏంది నాయనా?"

"ఉండు పాపా" అని, లుంగీ ఎగ్గట్టాడు. చెప్పులు విడిచాడు. నా పక్కకు వచ్చి పరిగెత్తడం మొదలుపెట్టాడు. చేతులు రెండూ దేన్నో మోస్తున్నట్టు ముందుకు పెట్టుకున్నాడు. గట్టు మీద గేదెలు తోలుకుపోతున్న ఒకాయన ఆగి చూశాడు. నాయన పట్టించుకోలేదు. మా ఇద్దరి వేగం ఒకటే, అంటే చాలా తక్కువ. కాలవ తూము దాకా వెళ్లాం. అక్కడ నాయన గట్టు మీద కూలబడి, పక్కటెముకల మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఈడ పొడస్తా ఉండాది" అన్నాడు చివరికి. "నీకూ ఇట్నే ఉంటాదా?"

"మొదట్లో ఉంటాది."

"ఎప్పుడు పోతాది?"

"ఆగకుండా మెల్లగా పోతా ఉంటే, ఒక చోట అదే పోతాది నాయనా. అది యాడో ముందు తెలీదు."

నాయన కాలవ వైపు చూశాడు. నీళ్లు వదిలినట్టున్నారు, నిండుగా పోతున్నాయి. తర్వాత మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, లుంగీ ఇంకోసారి బిగించాడు.

"అయితే పద" అన్నాడు. "యాడ పోతాదో చూద్దాం."